వంటకు బిళ్ల పెట్టిందెవరు

నవంబర్ 3, ఆదివారం

వీడియో వచ్చింది. చూడొద్దనుకున్నాను, చూశాను. ఈయన దుకాణానికి పోయాక మళ్లీ చూశాను.

పోయిన నెల మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో రిటైర్మెంట్ ఫంక్షన్‌కు నేనూ ప్రేమమ్మా వంట చేస్తుంటే, యూట్యూబ్ చానెల్ నడిపే సందీప్ అనే ఆయన కెమెరా పట్టుకొని వచ్చాడు కదా, అదే వీడియో. అందులో ప్రేమమ్మ మొహం ఉన్నది, ప్రేమమ్మ నవ్వు ఉన్నది, ప్రేమమ్మ కొత్త కమ్మలు ఉన్నాయి. వెనక గరిటె తిప్పుతున్న రెండు మోచేతులు ఉన్నాయి. అవి నావి.

"గిదేంది మేడం, గడియారం లెక్క ఉన్నది?" అని సందీప్ బిళ్ల చూపించి అడిగాడు. ప్రేమమ్మ గొంతు సవరించుకున్నది.

"దీన్ని సర్క్యులర్ స్లైడ్ రూల్ అంటరు సార్. మేం బిళ్ల అంటం. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు గిసొంటియే జేబుల పెట్టుకొని తిరిగిండ్రు. లోపట ఒక చక్రం, బయట ఒక చక్రం. అంకెల నడుమ దూరం ఒక్క తీరు ఉండది, చూడుండ్రి. ఒకటి కాడ ఎడం, తొమ్మిది కాడ ఇరుకు. గదే దీని మహిమ. మా కొలతలన్ని ఇరవై మందికి రాసి పెట్టుకున్నం. ఇయ్యాల మూడు వందల అరవై మంది. లోపటి రెండును తెచ్చి బయటి మూడు పాయింట్ ఆరుకు ఆనిస్తి. అయిపాయె. ఇగ తిప్పే పనే లేదు. ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం. లోపట రెండున్నర చూడు, బయట నాలుగున్నర. అన్ని సామాన్లు ఒక్కపారే!"

"మూడు వందల అరవై మందికి నాలుగున్నర కిలోలేనా మేడం?"

"బిళ్ల అంకెలే చెప్తది సార్, సైజు చెప్పది. నాలుగున్నరనా, నలభై అయిదా, నాలుగు వందల యాభైనా, గది మనిషి చెప్పాలె. నేను చదువుత, అక్క సైజు చెప్తది."

అప్పుడైనా కెమెరా నా దిక్కు తిరగలేదు. చివరికి అడిగాడు, "దీన్ని వంటకు వాడాలన్న ఐడియా ఎవరిది మేడం?"

"నాదే సార్."

రెప్ప కూడా వేయలేదు.

నిజం ఇక్కడ రాసిపెడుతున్నాను, ఎవరో ఒకరు రాయాలి కాబట్టి. ఈయనకు పాత స్లైడ్ రూళ్లు కూడబెట్టే పిచ్చి. ఆదివారం వీలు చిక్కితే చేవెళ్లలో బస్సెక్కి హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పడతారు. జేబుగడియారం లాంటి రష్యా బిళ్ల ఒకటి ఉన్నది, టైం చెప్పదు, గుణకారం చెబుతుంది. ఇంజనీర్లవి, విమానాలవాళ్లవి, ఎన్నో. మూడేండ్ల కింద ఒక వానాకాలం ఈయన అవన్నీ మంచం మీద పరిచి తుడుస్తుంటే, నేను చాయ్ ఇస్తూ "ఇది మా వంట కొలతలకు పనికొస్తదా?" అని అడిగాను. ఈయన జపాన్ ప్లాస్టిక్ బిళ్ల తీసి ఇచ్చారు, కడుక్కోవచ్చని. ప్రేమమ్మ అప్పుడు పక్కన కూర్చొని అల్లం పొట్టు తీస్తూ ఉన్నది. అంతే. అల్లం పొట్టు తీసింది, ఐడియా తీయలేదు.

నాకేం కోపం లేదు.

నవంబర్ 5, మంగళవారం

ప్రేమమ్మ పొద్దున్నే మొయినాబాద్ పక్కనున్న వాళ్ల ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చింది, కార్తీకమాసం ఆర్డర్లు మాట్లాడుకుందామని. మొహం వెలిగిపోతున్నది.

"అక్కా, ఊరు ఊరంత చూసిందే! మా ఇంటాయన అయితే పాలకేంద్రం కాడ అందరికి చూపెడుతున్నడు."

నేను చాయ్ పెట్టలేదు. "ఐడియా నీదెట్ల అయితది?" అన్నాను.

"మరెవరిది?"

"నాది."

నవ్వింది. నేను నవ్వడం లేదని చూసి ఆపింది. "అక్కా, నువ్వానాడు ఏమన్నవో జర యాది చేసుకో. గీ బిళ్లలతోని ఇల్లంత నింపిండు, పండుకుందమంటె జాగ లేదు అన్నవ్. నేనే మీ సేటును అడిగిన, గిది వంటకు పనికొస్తదా అని."

"అడిగింది నేను. నువ్వు అల్లం పొట్టు తీస్తున్నవ్."

"అల్లం తీసుకుంటనే అడిగిన! చేతులు పనిల ఉంటె నోరు పనిచెయ్యదా?"

తర్వాత మాటలు పెరిగాయి. అన్నీ రాయను. నేను ఒకటి అన్నాను, కెమెరా కనబడితే నీకు ఒళ్లు తెలవదు అని. అది అనకుండా ఉండాల్సింది. అయినా అది నిజమే.

ప్రేమమ్మ లేచింది. "గంత కష్టమైతే బిళ్ల నువ్వే పెట్టుకో అక్కా. కండ్లు నావి గద, నేను తీస్కపోత."

"పో. సైజు నా తాననే ఉంటది."

చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది. మంచిదే అయ్యింది.

నవంబర్ 6, బుధవారం

ఈయన తన దగ్గరున్న రెండో జపాన్ బిళ్ల ప్రేమమ్మకు ఇచ్చేశారట. నిన్న ఆమె బస్టాండు దిక్కు పోతుంటే దుకాణంలోంచి పిలిచి మరీ ఇచ్చారట. "పాపం, ఉత్త చేతులతోని పోతున్నది శారదా" అంటున్నారు. కట్టుకున్నవాడే నా దిక్కు లేడు. చారు పల్చగా పెట్టాను. గమనించలేదు.

నవంబర్ 8, శుక్రవారం

ఫోన్ రాలేదు. రాకపోతేనే నయం.

నవంబర్ 10, ఆదివారం

కార్తీక వనభోజనాలు. హైదరాబాద్ నుంచి ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు, నూట యాభై మంది. మొయినాబాద్ తోటలో. నేనూ, మాకు గిన్నెలు కడిగి రుబ్బిపెట్టే బాలనర్సమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ పోయాం.

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉన్నది కదా. కొట్టాను. అన్నీ సరిగ్గా వచ్చాయి, చుక్కతో సహా. దానికి కండ్లు అక్కర్లేదు, సైజు చెప్పే మనిషీ అక్కర్లేదు. ఇన్నేండ్లు ఎందుకు బిళ్ల పట్టుకొని వేలాడామో అర్థం కాలేదు. ఒక్కటే ఇబ్బంది, ఒక్కో సామానుకు ఒక్కోసారి కొట్టాలి, చేతికి నూనె ఉంటే ఫోన్ మాట వినదు, బాలనర్సమ్మ కొంగుతో తుడిచి తుడిచి దాన్ని పచ్చగా చేసింది. అది పెద్ద విషయమేం కాదు.

పులిహోర అందరూ మెచ్చుకున్నారు. ఒక ముసలాయన రెండుసార్లు పెట్టించుకొని, "ఎవరమ్మా చేసింది" అని వచ్చి మరీ అడిగాడు. "నేనే" అన్నాను. పక్కకు తిరిగి చూశాను, ఎందుకో. పక్కన గ్యాస్ సిలిండర్ ఉన్నది.

చాలా సంతోషంగా ఉన్నది. ఒక్కదాన్ని చేసుకోగలనని తెలిసింది. చాలా సంతోషంగా ఉన్నది.

నవంబర్ 13, బుధవారం

అన్నం తింటూ ఈయన ఉన్నట్టుండి నవ్వారు. ఏంటని అడిగాను.

"మీ పంచాయితి కొత్తది కాదు శారదా. నాలుగు వందల ఏండ్ల కింద ఇంగ్లండ్‌ల గీ బిళ్ల మీదనే ఇద్దరు కొట్టుకున్నరు. ఒకాయన పంతులు, ఒకాయన ఆ పంతులు తాన లెక్కలు నేర్సుకున్నోడు. శిష్యుడు ముందుగాల పుస్తకం అచ్చేసిండు, గుండ్రటి రూలు నాదే అని. పంతులేమో, నేను ఎన్నడో చేసి పెట్టుకున్న, నా తాన చూసి ఎత్తుకపోయిండు అన్నడు. ఇగ ఒకలనొకలు పుస్తకాలు రాసుకొని మరీ తిట్టుకున్నరు."

"నిజం ఎవరిది?"

"ఇంతవరకు కచ్చితంగ తేలలే. ఇద్దరికి వేరువేరుగ తట్టి ఉండొచ్చు అని కూడ అంటరు."

శిష్యుడిదే తప్పు. ఒకరి ఇంట్లో కూర్చొని అల్లం పొట్టు తీసేవాళ్లు ఇంటికి పోయి నాదే అంటే ఎట్లా?

మళ్లీ అడిగాను, "ఆ ఇద్దరు ఆ తర్వాత మాట్లాడుకున్నరా?"

"నేను చదివిన దాంట్ల గా ముచ్చట లేదు" అని పెరుగు వేసుకున్నారు.

నవంబర్ 15, శుక్రవారం, పున్నమి

మూడు వందల అరవై అయిదు వత్తులు ఒక్కదాన్నే చుట్టాను. ప్రతి ఏడాది సగం తను చుట్టేది. తనవి లావుగా ఉండేవి, నూనె ఊరికే తాగేవి. ఈసారి అన్నీ ఒక తీరుగా ఉన్నాయి.

నవంబర్ 17, ఆదివారం

ఈ రోజు గురించి రాయకపోయినా అయ్యేది. కానీ ఇక్కడ కూడా రాయకపోతే నా మీద నాకే నమ్మకం పోతుంది.

సురంగల్‌లో చంటిపిల్లను తొట్టెలలో వేసే ఫంక్షన్. మూడు వందల తొంభై మంది. బగార అన్నం, పప్పుచారు, రెండు కూరలు. ఫోన్ ఉన్నది. కానీ నేను బిళ్ల తీసుకుపోయాను. కండ్లు తనవి అన్నది కదా. నాకూ రెండు ఉన్నాయి, అద్దాలతో కలిపి నాలుగు.

లోపటి రెండును బయటి మూడు పాయింట్ తొమ్మిదికి ఆనించాను. బియ్యం చూశాను, సరిగ్గా వచ్చింది. నూనె వచ్చింది. పుదీనా వచ్చింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను. బగారకు ఉప్పు, ఇరవై మందికి అరవై గ్రాములు. లోపల ఆరు చూసి, దాని ఎదురుగా బయట ఏమున్నదో చూశాను. రెండుకు జర ఇటు. అంకె ప్రేమమ్మ చెప్పినట్టు గట్టిగా చెప్పుకొని, సైజు నేను చెప్పినట్టు మెల్లగా చెప్పుకొని, రెండు కిలోలకు జర తక్కువ వేయించాను.

అది రెండు కాదు. ఒకటికీ రెండుకూ నడుమ చిన్న అంకెలతో మళ్లీ ఒకటి, రెండు, మూడు అని ఉంటాయి. అది ఆ చిన్న రెండు. అంటే ఒకటి పాయింట్ రెండు. ఉప్పు కిలోంబావు కూడా పట్టదు. పెద్ద రెండు ఎక్కడో దూరంగా ఉన్నది, దాని మొహం కూడా చూడలేదు నేను.

బాలనర్సమ్మ ఒక మెతుకు నోట్లో వేసుకొని, నేరుగా నీళ్ల బిందె దగ్గరికి పోయింది. అప్పుడు తెలిసింది.

ఏం చేస్తాం. సురంగల్ కిరాణాషాపులో దొరికిన బియ్యమంతా తెప్పించి, ఉప్పు లేకుండా వండి, అందులో కలిపాం. గిన్నెలు చాలక ఊరివాళ్ల ఇంట్లోంచి కాగులు తెచ్చాం. తినేవేళకు ఉప్పు సరిపోయింది. "ఏందమ్మా, బగార తెల్లగున్నది?" అని ఒకావిడ అడిగింది. "మా చేవెళ్ల దిక్కు గిట్లనే చేస్తం" అని చెప్పాను. నమ్మింది. పది మైళ్ల తేడాకు వంట మారుతుందని నమ్మేవాళ్లు ఉన్నంతవరకు మనకు ఫికర్ లేదు.

బిళ్లలో తప్పేం లేదు. అద్దాల నంబర్ మారినట్టుంది.

అసలు ఐడియా నాకు వచ్చిన రోజు బాగా గుర్తున్నది. మంచి ఎండాకాలం. మామిడికాయ ముక్కలు కోస్తున్నాం ఇద్దరం. నేను ఉప్పు, కారం లెక్క వేయలేక తల పట్టుకొని ఈయనను అడిగాను.

నవంబర్ 18, సోమవారం

బాలనర్సమ్మ జీతం కోసం వచ్చి, పోతూ పోతూ వార్త చెప్పింది. "సింధుజకు సంబంధం కుదిరిందట గద శారదమ్మా. పిలగాడు బ్యాంకుల ఉన్నడట. డిసెంబర్ ఎనిమిది నాడు మొయినాబాద్ ఫంక్షన్ హాల్‌ల ఎంగేజ్‌మెంటు. మీకు తెల్వదా?"

తెలుసు అన్నాను.

సింధుజ ప్రేమమ్మ బిడ్డ. ఇంటర్లో ఉన్నప్పుడు లెక్కల పరీక్ష ముందు రోజు నా వంటింట్లోనే కూర్చొని చదివింది. నన్ను పెద్దమ్మా అంటుంది. దాని పెండ్లికి ఏమేం వండాలో మేమిద్దరం ఎన్నిసార్లు అనుకున్నామో లెక్క లేదు. లడ్డూ బూందీ సన్నగా దూయాలని నేను, లావుగా ఉండాలని తను.

"వంటకు ఎవరిని పెట్టిండ్రు?" అని అడిగాను, ఊరికే.

"మైసయ్య బ్యాచ్‌కు ఇచ్చిండ్రట. మటన్ ఉంటది గద."

మటన్ అయితే నేను ముట్టను. అది వేరే. కానీ కూరలు, స్వీటు, పెరుగన్నం? అవి కూడా మైసయ్యకేనట. మొత్తం.

చాయ్ పొంగిపోయింది. స్టవ్ తుడుచుకుంటూ ఏడ్చాను. ఉల్లిగడ్డ కూడా లేదు సాకు చెప్పడానికి.

నవంబర్ 21, గురువారం

ప్రేమమ్మ, ఆమె భర్త జగదీశ్ ఎంగేజ్‌మెంటుకు పిలవడానికి వచ్చారు. ఈయన ఎదురుపోయి, రండి రండి అని కుర్చీలు వేశారు. జగదీశ్, ఈయన మాట్లాడుకున్నారు, పూల ధర గురించి, రోడ్డు పని గురించి. మేమిద్దరం మాట్లాడుకోలేదు.

తను లేచి నాకు బొట్టు పెట్టింది. వంకర పోయిందని కొంగుతో అంచు తుడిచి మళ్లీ దిద్దింది.

"ఇద్దరు రావాలె అక్కా. పొద్దుగాలనే రావాలె. వచ్చి కూసోవాలె. ఆడ ఏ పని ముట్టుకోవద్దు."

ఏ పని ముట్టుకోవద్దు. రెండుసార్లు చెప్పింది. నాకు చెవులు బాగానే ఉన్నాయి. పదేండ్లు పక్కపక్కన పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని ఇప్పుడు వచ్చి కూర్చొని తిని పొమ్మంటున్నది, అందరితో పాటు. వంటమనిషిని కూర్చోబెట్టడం అంటే నీ వంట వద్దని చెప్పడమే. ఇంతకంటే మంచిగా ఎట్లా చెబుతారు?

"చూద్దాం" అన్నాను.

నవంబర్ 22, శుక్రవారం

పోను.

నవంబర్ 26, మంగళవారం

గద్వాల చీర ఇస్త్రీకి ఇచ్చాను. ఎందుకు అని ఈయన అడిగారు. పెండ్లిళ్ల కాలం, ఏదో ఒకటి ఉంటుంది కదా అన్నాను. ఎవరిది అన్నారు. ఎవరిదో ఉంటుంది అన్నాను.

డిసెంబర్ 1, ఆదివారం

ఈయనను కూర్చోబెట్టి అడిగాను. దేవుడి మీద ఒట్టు వేయించలేదు కానీ, ఇంచుమించు అంతే.

"ఆ రోజు బిళ్ల వంటకు పనికొస్తదా అని మిమ్మల్ని అడిగింది ఎవరు? నేనా, ప్రేమమ్మనా?"

ఈయన కండ్లు మూసుకున్నారు. "ఆనాడు నా చేతుల గా రష్యా బిళ్ల ఉన్నది. మీది కీ తిప్పితె ముల్లు ఆగుతున్నది. లోపటికి దుమ్ము పోయింది. దూదితోని తుడిచిన."

"అది కాదు. అడిగింది ఎవరు?"

"దసరా ముంగట అనుకుంట. బంతిపూలు ఉండె ఇంట్ల."

"వానాకాలం. కాదు, ఎండాకాలం. ఆడమనిషి గొంతా కాదా?"

"ఆడమనిషే. ఇద్దరు ఆడమనుషులు ఉన్నరు. నవ్వుతున్నరు. ఎవరో అడిగిండ్రు. నేను జపాన్‌ది తీసిచ్చిన." కండ్లు తెరిచి, "ముల్లు మాత్రం మంచిగైంది" అన్నారు.

ఇలాంటి సాక్షిని ఏ కోర్టూ ఒప్పుకోదు.

డిసెంబర్ 7, శనివారం

రేపు పోవడం లేదు. పొద్దున తొమ్మిదింటికి కారు చెప్పిపెట్టమన్నాను. ఒకవేళ.

డిసెంబర్ 8, ఆదివారం

పోయాను.

హాల్ మొయినాబాద్‌లో రోడ్డు మీదనే. బయట మైసయ్య మనుషులు పెద్ద గిన్నెలు దించుతున్నారు. నా కాళ్లు వాటంతట అవే వంట దిక్కు తిరిగాయి. ఈయన మోచేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయారు. వెనక వరసలో, గోడ పక్కన కూర్చున్నాను. తినేసి తొందరగా పోవడానికి వీలుగా ఉంటుందని.

ప్రేమమ్మ ఆకుపచ్చ పట్టుచీరలో అటూ ఇటూ తిరుగుతున్నది. నన్ను చూసింది. ఎవరితోనో మాట్లాడుతున్నదల్లా మాట మధ్యలో వదిలేసి నేరుగా వచ్చింది.

"గీడ కూసున్నవేంది?"

"మరెక్కడ కూసోవాలె?"

చేయి పట్టుకున్నది. లాగింది అనాలి. అందరూ చూస్తుండగా నడుమ నుంచి తీసుకుపోయి, స్టేజీ మీద సింధుజ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్లగాని దిక్కు నుంచి వాళ్ల మేనత్త కూర్చున్నది, పిల్ల దిక్కు నుంచి నేను. పూలు, పండ్లు, చీర ఉన్న తట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు చేతికిస్తెనే తీసుకుంటదంట. సింధుజ పట్టుబట్టింది. నేను కూడ గదే అనుకున్న."

తట్టను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"నా దిక్కు ఎవరున్నరక్కా?" ప్రేమమ్మ వంగి చెవి దగ్గర అంటున్నది, బ్యాండ్ మోతలో నాకొక్కదానికే వినబడేలా. "అవ్వ పోయింది. తోడబుట్టిన ఆడపిల్ల లేదు. పెద్దమ్మ జాగల నువ్వు కూసోవాలె. నువ్వు పొయ్యికాడ ఉంటె గీ జాగ ఉత్తగ ఉండదా? గందుకే మైసయ్యకు మొత్తం ఇచ్చిన. ఒక్క కూర నీకు ఒప్పజెప్పినా నువ్వు ఆడికెంచి లేవవు. నాకు తెల్వదా నీ సంగతి?"

నాకు చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎట్ల చెప్తనే? నువ్వు నాతోని మాట్లాడుతనే లేవు."

సింధుజ నా చేయి గట్టిగా పట్టుకొని, "పెద్దమ్మా, ఏడ్వకు, ఫోటోల మంచిగ రాదు" అన్నది. ఏడ్చాను. ఫోటోలో అట్లాగే రానీ. నాకు ఎంత సంతోషంగా ఉన్నదో ఆ ఫోటో చూసినవాళ్లకు తెలుస్తుంది.

తట్ట ఇచ్చాను. పిల్ల నెత్తిన అక్షింతలు వేశాను. చీర కొంగు సర్దాను. ఇదంతా ఎట్లా చేయాలో ఎవరూ చెప్పకుండానే చేతులకు తెలిసింది.

భోజనాల దగ్గర ఇంకో ముచ్చట. మాంసం వండిన గిన్నెల దిక్కు నేను పోనని తెలుసు కాబట్టి, మాకిద్దరికి పక్క గదిలో ఆకులు వేసింది. ప్రేమమ్మ తానే వడ్డించడానికి వచ్చింది. వెనకాలే జగదీశ్, ఇంకొకాయన కలిసి ఒక కాగు మోసుకొచ్చారు. తర్వాత ఇంకో కాగు. తర్వాత పెద్ద స్టీలు డబ్బా నిండా లడ్డూలు.

"ఇదంత ఎవరికి?" అన్నాను.

"మీ ఇద్దరికి. మైసయ్య గిన్నెలు నీకు పడవని తానం జేసి కొత్త గిన్నెలల్ల ఇంట్లనే వండిన."

"ఇద్దరికి కాగులెందుకే?"

చీర కొంగుతో మొహం తుడుచుకున్నది. "ఇద్దరికి ఎంత పొయ్యాల్నో నాకేం తెల్సు అక్కా? సేటు ఇచ్చిన బిళ్ల తీసిన. ఇరవై మంది కొలతను ఇద్దరికి మార్చినా అంకెలల్ల ఏం మారది గద, బియ్యం రెండున్నరే, పప్పు ఎనిమిదే. ఇగ సైజు చెప్పేటోల్లు లేరు. పావుకిలో చేస్తె తక్కువైతదేమో అని భయమైంది. మొత్తం ఇరవై మందికే వండేసిన."

ఈయన చేతిలో ముద్ద పట్టుకొని, నోట్లో పెట్టుకోకుండా నవ్వుతున్నారు. నేను నవ్వాను. ప్రేమమ్మ నవ్వలేదు, నా మొహం చూస్తున్నది, రుచి చూస్తానేమోనని. పప్పు తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉన్నది. బూందీ లావుగా ఉన్నది, ఎప్పటిలాగే. చెప్పాను.

"సన్నగ దూస్తె పంటికి తగులుతదా?" అన్నది. అప్పుడు నవ్వింది. కింద కూర్చొని నా ఆకులోంచే ఒక లడ్డూ తీసుకొని తిన్నది. పదేండ్లలో మేమిద్దరం ఒక ఫంక్షన్‌లో ఇట్లా కూర్చొని తినలేదు. అందరూ తిన్నాక, గిన్నెలు కడిగించాక, నిలబడి చల్లారిన అన్నం తినడమే మాకు తెలుసు.

కాగులలో మిగిలింది పిల్లగాని దిక్కు ముసలమ్మలు, మాంసం తిననివాళ్లు తిన్నారు. ఇంత బాగా ఎవరు వండారని అడిగారు. "మా చెల్లె" అన్నాను.

"ఐడియా మాత్రం నాదే" అన్నది ప్రేమమ్మ, మమ్మల్ని కారు ఎక్కిస్తూ.

"పెండ్లి ఇంట అబద్ధాలు చెప్పకు" అన్నాను.

డిసెంబర్ 10, మంగళవారం

ప్రేమమ్మ పొద్దున వచ్చింది. చాయ్ రెండుసార్లు పెట్టాను. ఫిబ్రవరిలో పెండ్లి, దానికి ముందు మూడు ఆర్డర్లు ఉన్నాయి. సురంగల్ ఉప్పు సంగతి నేను చెప్పకముందే బాలనర్సమ్మ చెప్పేసిందట. ప్రేమమ్మ బిళ్ల మీద ఆ చిన్న రెండును వేలుపెట్టి చూపించి, "ఇది పిల్ల, అది తల్లి" అని నాకు పాఠం చెప్పింది. విన్నాను.

తను పోయాక సందీప్ ఫోన్ చేశాడు. బిళ్ల వీడియోకు ఇంకో భాగం తీస్తాడట, ఈసారి ఇద్దరినీ కూర్చోబెట్టి. "కామెంట్లల్ల అందరు అడుగుతున్నరు మేడం, ఐడియా అసలు ఎవరిదని. ప్రేమమ్మ మేడందేనా? రాసుకోమంటరా?"

"ప్రేమమ్మదే. రాసుకో" అన్నాను.

ఈయన పేపర్ లోంచి తలెత్తి నన్ను చూశారు. మళ్లీ పేపర్‌లో తల దూర్చారు. ఏమన్నా అంటే చారు మళ్లీ పల్చగా పెడతానని భయం కావచ్చు.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. వానాకాలమా ఎండాకాలమా నాకు తెలియదు. అల్లమా మామిడికాయా తెలియదు. అడిగింది ఎవరో, ఎంత తవ్వుకున్నా గుర్తుకు రావడం లేదు. ఇద్దరం నవ్వుతూ ఉన్నామని ఈయన అన్నారు చూడు, ఆ ఒక్కటే నాకు కూడా గుర్తున్నది.